రోజుకి ఐదు సామాన్లు

జూన్ 2, సోమవారం. సాయంత్రం 6:20

ఆర్డర్ చేతికొచ్చింది. ప్రమోషన్. వేరే ఊరు, రైల్లో ఎనిమిది గంటలు. అక్కడి నీళ్ళ లేబరేటరీకి నేను ఇన్‌ఛార్జిని. జూలై ఒకటిన జాయిన్ కావాలి. ఆరేళ్ళ కింద ఇలాంటిదే వస్తే వద్దని రాసిచ్చాను. ఈసారీ వద్దంటే ఇంకోటి రాదు. నాకు నలభై నాలుగు.

బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఒక నిమిషం గెంతాను. నిజం రాసుకోవడానికే కదా ఈ పుస్తకం.

ఇక అక్క సంగతి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పాతికేళ్ళు టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసింది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఒక గ్యాస్ ఏజెన్సీకి ఫోన్లు ఎత్తుతుంది. ఈ ఇంట్లో మేమిద్దరమే. రెండేళ్ళ నుంచి ఆమె చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోంది. పైపులోంచి చూసినట్టు ఉంటుందని కళ్ళ డాక్టర్ బొమ్మ గీసి మరీ చెప్పాడు. శుక్రవారం వెళ్తే మళ్ళీ అదే పాట. నడిచే దారిలో సామాను ఉండకూడదు, ఏదో ఒక రోజు తట్టుకుని పడుతుంది, ముందు ఇల్లు ఖాళీ చేయండి అన్నాడు.

మా ఇల్లు ఖాళీ చేయడం అంటే మాటలా? ముందు గది, నడవ, నడవకి అటూ ఇటూ మా ఇద్దరి గదులు, చివర బాత్రూం, వంటగది. ఇవన్నీ ఉన్నాయని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తవాళ్ళకి సామాను తప్ప ఇల్లు కనిపించదు.

అన్నయ్య ఫోన్లో తేల్చేశాడు. అక్క ఒక్కసారి పడిందంటే తన ఇంటికి తీసుకుపోతాడట. వెనక వరండాలో మడత మంచం వేస్తాడట. వదిన పక్కనే ఉంది, ఊపిరి వినిపిస్తోంది, కిమ్మనలేదు. అక్క మాత్రం ససేమిరా అంది. మంచినీళ్ళు కూడా అడిగి తాగాల్సిన చోట తను ఉండదట.

కాబట్టి సంగతి తేలిక. ఇల్లు ఖాళీ అయితే అక్క ఒక్కతే ఉండగలదు, నేను వెళ్తాను. కాకపోతే అక్క వరండాలోకి పోవాలి, లేదా నా ఆర్డర్ చెత్తబుట్టలోకి పోవాలి. ఇరవై ఎనిమిది రోజులున్నాయి. రోజుకి ఐదు సామాన్లు.

జూన్ 3, మంగళవారం

మొదటి ఐదు. పిడి ఊడిన గొడుగు. మూత దొరకని ఫ్లాస్కు. ఫ్లాస్కు దొరకని మూత (పెట్టి చూశాను, ఆ ఫ్లాస్కుది కాదు). పదహారేళ్ళ క్యాలెండర్ల కట్ట. ఒక ఎక్స్‌రే, ఎవరిదో చెయ్యి.

అక్కని అడిగితే అన్నయ్యదే అయి ఉంటుంది, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడు అంది. ఉంచనా అన్నాను. అన్నయ్య చెయ్యి అయితే ఇంకా నిక్షేపంగా పారేయచ్చు అంది. చాలా రోజులకి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆర్డర్ వచ్చిన సంగతి కూడా చెప్పేశాను. మంచిదే కదా అని పప్పు ఏరుకుంటూ కూర్చుంది. ఇంకాస్త సంతోషపడుతుందనుకున్నాను, లేదా ఇంకాస్త ఏడుస్తుందనుకున్నాను.

జూన్ 4, ఉదయం 7:40

సంచిలోంచి అక్క ఒకటి వెనక్కి తీసుకుంది. మూత.

జూన్ 5, గురువారం

చిన్న వస్తువుల దగ్గర గొడవ లేదు. తాళంచెవులు పోయిన తాళాలు, ముళ్ళు లేని గడియారం, ఒకే కాలి చెప్పులు మూడు, తీసుకుపో తీసుకుపో అంటుంది. పెద్దవాటి దగ్గరికి వచ్చేసరికే యుద్ధం.

నడవలో వాషింగ్ మెషీన్ ఉంది. అది తిరగడం మానేసి ఏడేళ్ళు. ఉండనీ అంది. అక్క గది గుమ్మం దగ్గర కూలర్, దాని రెక్కల్లో పక్షి గూడు పెట్టి ఎగిరిపోయింది కూడా. ఉండనీ అంది. వంటగది గుమ్మం పక్కన పాత టెలిఫోన్ డైరెక్టరీల దొంతర, నా నడుమంత ఎత్తు. అందులో సగం నంబర్లు ఇప్పుడు లేవు, సగం మనుషులు కూడా లేరు. ఉండనీ అంది. ముందు తలుపు వెనక కుంటి స్టూలు. దాని మీద కూర్చున్న చివరి మనిషి మీటర్ రీడింగ్ అతను, పడ్డాడు. అదీ ఉండాలట.

ఎందుకు అంటే చెప్పదు. నీకంతా తొందరే, తొందరమ్మా అంటుంది. చిన్నప్పటి నుంచి నా పేరు అదే. ఒళ్ళు మండింది. ఆమె కాళ్ళకి అడ్డం లేకుండా చేయాలని నేను చస్తుంటే, నా కాళ్ళకే అడ్డం పడుతోంది.

జూన్ 6, శుక్రవారం

లేబరేటరీలో బల్లలు సర్దే రోజు. మాకొక రూల్ ఉంది. సీసా మీద లేబుల్ లేకపోతే లోపల ఎంత మంచి నీళ్ళున్నా సింకులో పోసేయడమే. ఎవరు తెచ్చారు, ఎక్కడి బోరుది అని బుర్ర పగలగొట్టుకోం. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను, చెయ్యి వణకదు. ఇవాళ నలభై సీసాలు పోసేశాను.

ఇంట్లో కూడా ఇదే చేయాలి. వాదన ఉండదు, లేబుల్ ఉంటుంది.

జూన్ 7, శనివారం

స్టిక్కర్లు తెచ్చాను. గుండ్రటివి, బొటనవేలి గోరంత. ఎరుపు అంటే పోవాలి, ఆకుపచ్చ అంటే ఉండాలి. అక్కకే షీట్లు ఇచ్చేశాను. నువ్వే అంటించు, సోమవారం సాయంత్రం నేను చూస్తాను, నువ్వు ఏది అంటిస్తే అదే ఫైనల్, నేను మాట మార్చను, నువ్వూ మార్చకూడదు అన్నాను. ఒప్పుకోదనుకున్నాను. షీట్లు కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి, సరే అంది.

ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో.

జూన్ 9, సోమవారం. సాయంత్రం 7:00

ఫ్రిజ్‌కి ఎరుపు. గ్యాస్ పొయ్యికి ఎరుపు. నా మంచానికి ఎరుపు. తన ఫోన్ బల్లకి, ఆమె అన్నం తినే బల్లకి, ఎరుపు. ముళ్ళు లేని గడియారం సంచిలోంచి తీసి మరీ ఆకుపచ్చ. కుంటి స్టూలుకి ఆకుపచ్చ.

వెటకారం. ఇంత వయసొచ్చి నాతో వెటకారం. నా మంచం పారేయాలట. నేను వెళ్ళిపోతున్నానని దెప్పడం కాకపోతే ఏమిటిది? నోటికొచ్చినట్టు అన్నాను. ఆర్డర్ రాగానే నీ మొహం మాడిపోయిందని, పైకి మంచిదే అంటూ లోపల్నుంచి అడ్డుపుల్ల వేస్తున్నావని. ఆరేళ్ళ కింద నీకోసమే ఆగిపోయానని కూడా అనేశాను. ఆ మాట ఎప్పుడూ అనకూడదనుకున్నాను.

అక్క షీట్లో మిగిలిన స్టిక్కర్ల మీద వేలు రాస్తూ కూర్చుంది.

అయితే వాషింగ్ మెషీన్‌కి కూడా ఎరుపే ఉంది. కూలర్‌కి ఎరుపు. డైరెక్టరీలకి ఎరుపు. ఫ్రిజ్ ఎలాగూ పారేయను. కానీ ఈ మూడూ తను అంటించినవే. ఫైనల్ అంటే ఫైనల్.

జూన్ 10

మాటల్లేవు.

జూన్ 11

ఇవాళ కూడా. ఉప్పు తక్కువైంది అని కూడా అనలేదు, లేచి వేసుకుంది.

జూన్ 12, గురువారం

సగం రోజు సెలవు పెట్టి పాత సామాన్లతన్ని పిలిపించాను. తోపుడు బండి తోసుకొచ్చాడు. అక్క తన గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరికో సిలిండర్ ఎప్పుడొస్తుందో చెప్తోంది. ఇద్దరం కలిసి వాషింగ్ మెషీన్‌ని ఈడ్చాం. గచ్చు మీద అది చేసిన రొద ఫోన్లో అవతలివాళ్ళకి కూడా వినిపించే ఉంటుంది. అక్క బయటికి రాలేదు.

బండి వెళ్ళాక వచ్చింది. నడవలో మెషీన్ ఉండే చోట నిలబడి, చెయ్యి కొంచెం ముందుకి చాపి, గాల్లో అలాగే ఉంచింది. నాటకం అనుకున్నాను. నేను చూస్తున్నానని చేస్తోందనుకున్నాను. ఎరుపు నువ్వే అంటించావు అన్నాను. అవును, నేనే అంటించాను అంది. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

జూన్ 13, శుక్రవారం

కూలర్ పోయింది. డైరెక్టరీలు పోయాయి, మోయలేక నడుం పట్టేసింది. నడవ ఈ చివర నుంచి ఆ చివరకి నున్నగా, ఆసుపత్రి వరండాలా ఉంది. పరిగెత్తచ్చు. పరిగెత్తాను కూడా, అక్క స్నానానికి వెళ్ళినప్పుడు.

జూన్ 14, శనివారం

అక్క నుదురు బాత్రూం తలుపుకి కొట్టుకుంది. బొప్పి కట్టింది. నిద్రమత్తు అంది. పగలు పదకొండింటికి ఏం నిద్రమత్తో.

జూన్ 15, ఆదివారం

ఊరుకోలేకపోతున్నాను. పొద్దున భోజనాల బల్ల గోడకి జరిపాను. మధ్యాహ్నం నా అలమారా ఖాళీ చేశాను. సాయంత్రం ముందు గదిలో కుర్చీలు ఆరు నుంచి రెండు చేశాను. చెయ్యి ఆగదు. ఆ ఊరికి రైళ్ళు చూశాను, మూడున్నాయి. ముప్పయ్యో తారీఖు పొద్దున బండికి టికెట్ తీశాను. కిటికీ పక్కన.

వెళ్ళాలని ఉంది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చాలా ఉంది. నాకంటూ ఒక గది, నేను పెట్టిన చోటే ఉండే గ్లాసు, ఎవరి మందులూ గుర్తుపెట్టుకోని పొద్దున. అక్క మీద ప్రేమ లేక కాదు. ఇరవయ్యేళ్ళుగా రోజూ అదే గుమ్మంలోంచి లోపలికి వస్తున్నాను. ఇంకో గుమ్మం ఎలా ఉంటుందో చూడాలి.

అక్క ఇవాళ గోడ పట్టుకుని నడిచింది. అడిగితే మోకాలు నొప్పట.

జూన్ 17, మంగళవారం. సాయంత్రం 5:30

మధ్యాహ్నం పన్నెండింటికి లేబరేటరీకి ఫోన్. గ్యాస్ ఏజెన్సీ మేనేజర్. మీ అక్కగారు గంట నుంచి లైన్లో లేరు, ఇలా ఎప్పుడూ జరగలేదు అన్నాడు. కోటు విప్పకుండానే ఆటో ఎక్కాను.

నడవ మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టు వాచింది. మంచినీళ్ళకని లేచిందట. పట్టుకోవడానికి ఏమీ తగలక తూలి, చేతి మీద పడిందట. మరి లేవలేకపోయావా అన్నాను. లేవగలను అంది. మరి గంట సేపు ఇక్కడే ఎందుకు కూర్చున్నావు అన్నాను.

పడ్డాక వంటగది ఎటు ఉందో తెలియలేదట. ఎటు తిరిగితే తన గదో తెలియలేదట. రెండుసార్లు పాకి చూస్తే రెండుసార్లూ గోడే తగిలిందట. నేను వచ్చేదాకా కదలకపోవడమే మంచిదనుకుందట.

తన ఇంట్లో. పట్టపగలు.

జూన్ 18, బుధవారం

మణికట్టుకి సన్నటి బీట. కట్టు కట్టారు. అక్కడి నుంచి పై అంతస్తులో కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కుపోయాను.

గోడ మీద అక్షరాల బోర్డు ఉండేది, ఇప్పుడు తీసేసి స్క్రీన్ పెట్టాడు. అక్షరాలు మారుతూ ఉంటాయి. చదవమన్నాడు. అక్క గడగడా చదివేసింది, పై వరస నుంచి కింది వరస దాకా, ఎక్కడా తడబడకుండా. డాక్టర్ నా వైపు చూశాడు. నేను స్క్రీన్ వైపు చూశాను. అక్క చదివిన వాటిలో ఒక్క అక్షరం కూడా దాని మీద లేదు. అది పాత బోర్డు. రెండేళ్ళుగా అప్పజెప్తోంది. ఏడొందల ఫోన్ నంబర్లు నోటికి చెప్పిన మనిషికి ఐదు వరసల అక్షరాలు ఒక లెక్కా?

మధ్యలో మిగిలిన చూపు కూడా పోతోందట. ఏడాదిలో వెలుగూ చీకటీ తప్ప తెలియకపోవచ్చట. డాక్టర్ నెమ్మదిగానే చెప్పాడు. అక్క తలూపింది, తెలిసిన సంగతే విన్నట్టు.

తర్వాత రెండు కార్డులు చూపించాడు. మొదటిది ఏం రంగు అన్నాడు. బూడిద రంగు అంది. రెండోదీ బూడిద రంగే అంది. మొదటిది ఎరుపు. రెండోది ఆకుపచ్చ.

నేను బయటికి వచ్చి చేతులు కడుక్కునే కుళాయి దగ్గర నిలబడ్డాను. ఎవరో వెనక నుంచి అమ్మా జరగండి అన్నారు.

జూన్ 19, గురువారం. ఉదయం 10:00

సెలవు పెట్టాను. అక్కని కూర్చోబెట్టి, ఇక దాచకుండా చెప్పు అన్నాను. చెప్పింది. ఎంత మామూలుగా చెప్పిందంటే, లైన్ కలుపుతున్నాను ఉండండి అన్నంత మామూలుగా.

మంచం దిగి కుడి చెయ్యి చాపితే కూలర్. కూలర్ అంచు వదిలితే గుమ్మం. గుమ్మం దాటి ఆరడుగులు వేస్తే తొడకి చల్లగా వాషింగ్ మెషీన్ రేకు. దాని రెండో మూల దగ్గర ఎడమకి తిరిగితే బాత్రూం. తిరగకుండా తిన్నగా పోతే డైరెక్టరీలు. పై డైరెక్టరీ అట్ట చిరిగి ఉంటుంది, అది వేలికి తగిలిందంటే వంటగది గుమ్మం. తెరిచిన తలుపు కుంటి స్టూల్ని దారిలోకి నెడుతుంది, అది మోకాలికి తగిలితే ముందు తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు, తగలకపోతే వేసినట్టు. ముందు గదిలో ఆరు కుర్చీలు వరసగా ఒకదాని వీపు తర్వాత ఒకటి, ముందు తలుపు దాకా. నేను రెండు చేశాను.

ఇంట్లో పనికిరానివి అని నేను లిస్టు రాసుకున్నవన్నీ ఆమె దారి. రోజుకి ఐదు చొప్పున ఆమె దారి తీసి బండికెత్తాను.

స్టిక్కర్లు ఇచ్చినప్పుడైనా కనిపించడం లేదని అనచ్చు కదా అన్నాను. గట్టిగానే అన్నాను, ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిట్టాను. అంటే నువ్వు వెళ్ళేదానివా అంది.

ఆర్డర్ సంగతి నాకంటే ముందే తెలుసట. మే నెలలో హెడ్డాఫీసు క్లర్కు ఇంటికి ఫోన్ చేసి, మీ చెల్లెలికి ప్రమోషన్ రాబోతోంది, ఈసారైనా వెళ్తుందా అని అడిగాడట. వెళ్తుంది అని అక్కే చెప్పిందట. నన్ను అడగకుండా. ఆ రోజు నుంచి ఎవరికీ అనుమానం రాకుండా నడవడం ప్రాక్టీసు చేసిందట. ఎరుపో ఆకుపచ్చో తెలియక చేతికొచ్చినవి అంటించేసి, సగం అయినా సరిగ్గా పడవా అనుకుందట.

నేను వెటకారం అన్నాను. అడ్డుపుల్ల వేస్తున్నావన్నాను. ఆ మాటలు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?

జూన్ 20, శుక్రవారం

పాత సామాన్లతని కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. ఈ వ్యాపారంలో వెనక్కి కావాలని వచ్చిన మొదటి మనిషిని నేనేనట. వాషింగ్ మెషీన్ మోటారు, లోపలి డ్రమ్ము తీసేశాడు, డొల్ల మిగిలింది. నాకు డొల్ల చాలు అన్నాను. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. కూలర్ అలాగే ఉంది. డైరెక్టరీలు మాత్రం ఆ రోజే పొట్లాల కంపెనీకి వెళ్ళిపోయాయి.

ఎందుకో చెప్పాను. బండి తనే తోసుకొచ్చాడు. నడవలో దించేటప్పుడు అక్కా ఇక్కడేనా, ఇంకొంచెం ఇటా అని అడిగి మరీ దించాడు.

జూన్ 22, ఆదివారం

మూడు రోజులు పట్టింది. కుర్చీలు మళ్ళీ ఆరు చేశాను, భోజనాల బల్ల పాత చోటికి జరిపాను. అక్క మెషీన్ డొల్ల మూల మీద చెయ్యి వేస్తుంది, నడుస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. నాలుగు వేళ్ళు ముందుకి అంటుంది. జరుపుతాను. మళ్ళీ నడుస్తుంది. లేబరేటరీలో చుక్కలు లెక్కపెట్టి మందు పోసే నాకే విసుగొచ్చింది, ఆమెకి రాలేదు.

డైరెక్టరీల బదులు ఏం పెట్టాలి? నా కాలేజీ పుస్తకాలు తీశాను. కొత్త ఊరికి తీసుకెళ్దామని కట్టిపెట్టుకున్నవి. తాడుతో బిగించి దొంతర పెట్టాను. ఎత్తు రెండంగుళాలు తక్కువొచ్చింది. మీదొక పీట వేశాం. అక్క వేలితో తడిమి, చిరుగు లేదు అంది. పీట అంచు మీద కత్తితో గాటు పెట్టాను. ఇప్పుడు సరే అంది.

రోజుకి ఐదు మాత్రం ఆగలేదు. లిస్టు ఇప్పుడు అక్కది. చేతికి తగలనివన్నీ దండగట. గోడ మీద సీనరీలు, షోకేస్ పై అరలో గాజు బాతులు, క్యాలెండర్. నిలువుటద్దం కూడా తీసెయ్ అంది. అద్దం నాకు కావాలన్నాను. నువ్వు వెళ్తున్నావు కదా అంది.

జూన్ 23, సోమవారం

వెళ్ళనని రాసేశాను. ఒక పేజీ లెటరు. బ్యాగులో పెట్టుకుని లేబరేటరీకి వెళ్ళి, బ్యాగులోనే పెట్టుకుని వచ్చాను.

జూన్ 24, మంగళవారం

ఇచ్చి తీరాలి. ఏడాదిలో వెలుగూ చీకటీ తప్ప తెలియని మనిషిని వదిలి ఎలా పోతాను? నేనేమైనా రాయినా?

పొద్దున వంటగదిలో అక్క మోచెయ్యి తగిలి టీ నా పాదం మీద ఒలికింది. సాయంత్రం నా బ్యాగు తట్టుకుని మెషీన్ పట్టుకుని ఆగింది. అన్నీ నా కర్మ.

జూన్ 25, బుధవారం. మధ్యాహ్నం 1:15

ఇంకా ఇవ్వలేదు. మా ఆఫీసరు రెండుసార్లు నా బల్ల ముందు నుంచి వెళ్ళాడు. రెండుసార్లూ సీసాలు కడుగుతున్నట్టు నటించాను.

జూన్ 26, గురువారం

అక్కకి చెప్పేశాను. వెళ్ళడం లేదు, నిర్ణయం అయిపోయింది, దీని మీద చర్చ లేదు అని. ఆహా అంది. అంతే. పుట్టి మునిగినట్టు ఏడుస్తుందనో, బతికించావే అంటుందనో అనుకున్న నేను పిచ్చిదాన్ని. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

జూన్ 27, శుక్రవారం. ఉదయం 8:30

పొద్దున్నే పిలిచి ఎదురుగా కూర్చోమంది. సామాన్లన్నీ సర్దాక ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు తగిలాను, చెప్పు అంది. తెలియదన్నాను. పదకొండుసార్లట. పదకొండూ నాకేనట.

ఈ ఇంట్లో అన్నీ పెట్టిన చోట ఉంటాయట, ఒక్కటి తప్ప. అది ఒక నిమిషం పొయ్యి ముందు ఉంటుందట, ఇంకో నిమిషం గుమ్మంలో. కుర్చీ లాగి కూర్చుంటుంది, లేచేటప్పుడు వెనక్కి నెట్టదు. చెప్పులు ఎక్కడ విప్పుతుందో దానికే తెలియదు. బ్యాగు నడవలో పారేస్తుంది. తలుపులు సగం వేసి సగం వదిలేస్తుంది. కూర్చోదు, నిలబడదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ ఎక్కడుందో తెలుసు, పొయ్యి ఎక్కడుందో తెలుసు, నువ్వు ఎక్కడున్నావో తెలుసుకోవడం నా వల్ల కావడం లేదే తొందరమ్మా అంది.

నేను గట్టిగా నేర్చుకుంటాను, కదలకుండా ఉంటాను అన్నాను. నవ్వింది. నలభై నాలుగేళ్ళుగా చూస్తున్నాను, నీ వల్ల అయ్యే పని చెప్పు అంది. తనకి చూపు పోయేది ఖాయమట, అది నేనున్నా పోతుందట. ఉన్న ఏడాదీ ఒంటరిగా నడవడం నేర్చుకుంటే తర్వాత కూడా నడుస్తుందట. నా చెయ్యి పట్టుకుని నేర్చుకుంటే నా చెయ్యి దొరకని రోజు మళ్ళీ నడవ మధ్యలో కూర్చోవాలట. పక్కవాటా టీచరమ్మ సాయంత్రం ఒకసారి తొంగిచూస్తానందట. గ్యాస్ ఏజెన్సీ మేనేజరు గంటకోసారి లైన్ చూస్తానన్నాడట. నెలకోసారి నువ్వు రా, గేటు దగ్గరే చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, కదలకుండా ఉండి వెళ్ళు అంది. అన్నీ మాట్లాడి పెట్టేసింది. ఆపరేటర్ కదా.

ఒకటే మిగిలింది తీసేయాల్సింది అని సొరుగులోంచి స్టిక్కర్ల షీటు తీసింది. వేలితో ఒకటి ఒలిచింది. నా భుజం వెతుక్కుని, దాని మీద అంటించి, అరచేత్తో గట్టిగా ఒత్తింది. ఎరుపేనా అని అడిగింది.

చూశాను. ఆకుపచ్చ.

ఎరుపే అన్నాను.

జూన్ 30, సోమవారం. ఉదయం 9:50, రైల్లో

స్టేషన్‌కి రానంది. ముందు తలుపు దాకా కుర్చీల వీపులు పట్టుకుని వచ్చింది, ఆరు కుర్చీలు, లెక్క తప్పలేదు. వెళ్ళొస్తానంటే, వెళ్ళు అంది. తిరిగి చూస్తే అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. చూడకుండా నడుస్తోందని ఎవరూ అనుకోరు.

కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఒక్క ఊరూ చూడలేదు.

జూలై 2, బుధవారం

కొత్త లేబరేటరీలో నా పేరుతో బోర్డు పెట్టారు. ఇచ్చిన గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. ఇంకేం లేదు. పొద్దున్నుంచి మూడుసార్లు ఆ కుర్చీకే గుద్దుకున్నాను. నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

జూలై 5, శనివారం. సాయంత్రం 5:10

అక్క ఫోన్ చేసింది. నేను వెళ్ళిన దగ్గర్నుంచి దేనికీ తగల్లేదట. ఐదు రోజులు. ఒక్కసారి కూడా.

బాగుందా అని అడిగాను.

ఏం బాగు, అని పెట్టేసింది.